చిన్న పిస్తోలు.. నమ్మకానికి కొలమానం ఏది?

‘నా పిస్తోలు ఇంతవరకూ ఒక్కసారీ మొరాయించలేదు’ అంటారు ఒకరు. ‘రెండో తూటాకే ఇరుక్కుపోయింది’ అంటారు మరొకరు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. అయినా ఆత్మరక్షణకు ఆయుధం కొనదలచినవారు ఈ రెండు మాటలనూ యథాతథంగా నమ్మడానికి వీల్లేదు.

యజమానుల అనుభవాలకు ఇంత విలువ రావడానికి అమెరికా చట్టం ఒక కారణం. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌కు తుపాకులపై అధికారం లేదు. లోపాలున్న ఆయుధాలను వెనక్కి తీసుకోవాలని అది ఆదేశించలేదు. కొన్నవారి ఫిర్యాదులు, కోర్టు వ్యాజ్యాలు, కంపెనీ స్వచ్ఛంద నిర్ణయాలే దిక్కు.

పొగడ్తలో కనిపించని లోపం

రూగర్ సంస్థ 2008లో విడుదల చేసిన ఎల్‌సీపీ అనే చిన్న పిస్తోలును అదే ఏడాది వెనక్కి పిలిచింది. చాంబర్‌లో తూటా ఉండగా గట్టి నేలపై పడితే పేలే ప్రమాదముందన్నదే కారణం. 2017లో సిగ్ సావర్ పీ320ను కిందపడేసి చేసిన పరీక్షల్లో అలాంటి లోపమే బయటపడింది. దాంతో ఉచితంగా మార్పులు చేసి ఇస్తామని కంపెనీ ప్రకటించింది. చేజార్చుకోని యజమానులు వేలమంది ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్నా ఈ లోపం బయటపడేది కాదు. ఇక్కడ ఒక్క పకడ్బందీ పరీక్ష వేయి ప్రశంసల పెట్టు.

మొరాయింపుల సంగతి వేరు. చిన్న పిస్తోలులో స్లైడ్ కదిలే దూరం తక్కువ, స్ప్రింగ్ బిగువు ఎక్కువ. పట్టు సడలినా, తూటా రకం మారినా, మ్యాగజైన్ సరిగా లేకున్నా ఇరుక్కుపోవచ్చు. తప్పు ఆయుధానిదా, మనిషిదా అన్నది తేల్చకుండా ఫిర్యాదులను లెక్కపెట్టడం వృథా.

లెక్క ఏం చెబుతోంది?

50 తూటాలు సజావుగా పేలాయన్నది పెద్ద భరోసా కాదు. గణాంక శాస్త్రం ప్రకారం, వరుసగా 300 తూటాలు ఒక్క లోపమూ లేకుండా పేలితేనే మొరాయింపు రేటు 1 శాతానికి మించదని 95 శాతం నమ్మకంతో చెప్పగలం. 50తో ఆగితే ఆ హద్దు సుమారు 6 శాతం.

మన దేశంలో చిక్కు ఇక్కడే ఉంది. 9 ఎంఎం నిషిద్ధ బోరు కావడంతో సాధారణ లైసెన్సుదారులకు దొరకదు. కాబట్టి అమెరికావారి 9 ఎంఎం అనుభవాలు ఇక్కడి .32 అశని పిస్తోలుకు వర్తించవు. 2014లో వచ్చిన నిర్భీక్ .32 రివాల్వర్. దానికి మ్యాగజైన్ ఉండదు కనుక మొరాయించే తీరే వేరు. పైగా తూటాలకు కోటా ఉంటుంది. వందల తూటాలు పేల్చి చూసిన యజమాని ఇక్కడ అరుదు. ఎన్నికల వేళ ఠాణాలో జమచేసి, మిగతా కాలం బీరువాలో దాచిన ఆయుధంపై ‘భేషుగ్గా ఉంది’ అన్న మాటకు విలువెంత?

అందుకే ఎవరు ఏం చెప్పినా అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. ఎన్ని తూటాలు పేల్చారు? ఏ రకం తూటాలు? సరిగ్గా ఏం జరిగింది? మళ్లీ అలాగే జరిగిందా? జవాబులు లేని అనుభవం కేవలం అభిప్రాయమే. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో అభిప్రాయం అక్కరకు రాదు.