పులికాట్ నీటి కోసం, పక్షుల ప్రశాంతత కోసం వినతిపత్రం

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టరు గారికి, సూళ్లూరుపేట వన్యప్రాణి విభాగం అటవీ అధికారి గారికి,

విషయం: పులికాట్ ముఖద్వారాల పూడికతీత, సరస్సు వద్ద, నేలపట్టు వద్ద పక్షుల సందర్శనకు కట్టుబాట్లు.

ఆర్యా,

సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల్లో ఏటా పక్షుల రాక కోసం ఎదురుచూసే ఉపాధ్యాయులం, విద్యార్థులం, సరస్సును నమ్ముకున్న జాలరి కుటుంబాల వాళ్లం కలిసి ఈ విన్నపం సమర్పించుకుంటున్నాం. మరో వాచ్ టవర్ కట్టమని అడగడానికి రాలేదు. టవర్ ఎక్కి చూడటానికి కింద నీళ్లుండాలి, నీళ్లలో పక్షులుండాలి. మా బాధ అక్కడే మొదలవుతోంది.

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు మనది. కాళంగి, అరణియార్ తెచ్చే మంచినీరు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరు కలిస్తేనే దానికి ప్రాణం. ఆంధ్ర వైపున్న ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతున్నాయి. వాన నీరు ఇంకిపోయాక సముద్రపు నీరు లోపలికి రాదు. ఎండాకాలం వచ్చేసరికి ఉత్తర భాగం నెర్రెలిచ్చి, పైన ఉప్పు పేరుకుంటుంది. ఫ్లెమింగో మోకాటి లోతు నీటిలో నిలబడి, తల కిందకు వంచి, ముక్కుతో నీటిని వడకట్టి నాచునూ సన్నటి పురుగులనూ తింటుంది. దాని గులాబీ రంగు కూడా ఆ తిండి నుంచి వచ్చిందే. నీరు లేని చోట దానికి మేత లేదు.

ఈ నష్టం పక్షులతో ఆగదు. రొయ్య పిల్లలు, చేప పిల్లలు సముద్రం నుంచి ఆ ముఖద్వారాల గుండానే లోపలికొచ్చి పెరుగుతాయి. దారి మూసుకుపోతే వల ఖాళీ. ఉత్తరాన వేట దొరక్క మన జాలర్లు దక్షిణానికి పోతే అక్కడ తమిళనాడు జాలర్లతో హద్దుల గొడవలు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు పిల్లల మేత కోసం పులికాట్‌కే ఎగిరి వస్తాయి. కేవలం 458.92 హెక్టార్ల ఆ చిన్న అభయారణ్యం ఇంత పేరు తెచ్చుకుందంటే సరస్సులోని చేప చలవే. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువవుతుందని ఊరి రైతులకు మొదటి నుంచీ తెలుసు. అందుకే పక్షిని కాపాడటం, మనిషిని కాపాడటం అంటూ రెండు పద్దులు పెట్టవద్దని మనవి.

పూడిక ఒకసారి తీసి వదిలేస్తే చాలదు. తీరం వెంబడి అలలు ఇసుకను ఉత్తరంగా నెట్టుకొస్తూనే ఉంటాయి, తీసిన చోటే మళ్లీ మేట వేస్తాయి. కాబట్టి తవ్వకంతో పాటు ఏటేటా నిర్వహణకు నిధి కూడా కేటాయించాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును అడ్డంగా దాటుతుంది. దేశానికి ఆ రోడ్డు ఎంత అవసరమో మాకు తెలుసు. మరమ్మతులు, విస్తరణ చేపట్టినప్పుడల్లా నీరు అటూ ఇటూ పారేందుకు తూములు పెంచాలని మాత్రమే కోరుతున్నాం.

ఇక సందర్శకుల సంగతి. శీతాకాలంలో ఆ రోడ్డు మీద బండి ఆపి బురదలోకి దిగి సెల్ఫీల కోసం పక్షుల మీదికి నడిచేవాళ్లు, గుంపు ఎగిరితే ఫొటో బాగుంటుందని రాయి విసిరేవాళ్లు, డ్రోన్లు తిప్పేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఎగిరే రెక్కలు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. కానీ భయంతో లేచిన ప్రతిసారీ పక్షి మేత పోతుంది, ఒంట్లో సత్తువ పోతుంది. గూళ్ల దగ్గర అలజడి జరిగితే తల్లి లేచిన కాసేపట్లోనే కాకులు గుడ్లు తన్నుకుపోతాయి. హెచ్చరిక బోర్డులు పెట్టినంత మాత్రాన ఇది ఆగదు, అక్కడ మనిషి ఉండాలి. అటకానితిప్ప వద్ద బండ్లు ఆపేందుకు విడిగా స్థలం, దూరం నుంచి చూపించే టెలిస్కోపులు, జీతం మీద స్థానిక యువత గైడ్లు కావాలి. పక్షి ఎటు వాలుతుందో, ఎప్పుడు లేస్తుందో భీములవారిపాలెం పడవ నడిపేవాడికి తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు.

2001 నుంచి జరుగుతున్న ఫ్లెమింగో ఫెస్టివల్ వేలాది మంది పిల్లలకు పక్షిని పరిచయం చేసింది, అది కొనసాగాలి. మైకులు, బాణసంచా మాత్రం సరస్సు ఒడ్డుకు, నేలపట్టు చెరువుకు దూరంగా పట్టణంలోనే ఉండాలి. జనవరిలో జరిగే నీటిపక్షుల గణన వివరాలను తెలుగులో బడులకు పంపితే పిల్లలే కాపలాదారులవుతారు.

మన రాష్ట్రంలో కొల్లేరుకు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 1976లోనే అభయారణ్యంగా ప్రకటించిన పులికాట్‌కు ఇంకా రాలేదు. తమిళనాడుతో కలిసి ఉమ్మడి ప్రతిపాదన పంపేలా రాష్ట్ర ప్రభుత్వానికి సిఫారసు చేయాలని వేడుకుంటున్నాం.

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు ముఖద్వారాలను స్వయంగా పరిశీలించి, పూడికతీత పనుల తేదీని తీరగ్రామాల సభల్లో ప్రకటించాలని తమరిని కోరుతున్నాం.

ఇట్లు,
పులికాట్ తీర గ్రామాల ప్రజలు, పక్షి ప్రేమికులు