అడగకుండా చేసే లోపలి పరీక్షలను ఖండిస్తున్నాం

నొప్పులు పడుతున్న స్త్రీకి ఒక్క మాట చెప్పకుండా, ఆమె సరేననకుండా, ఒకరి తర్వాత ఒకరుగా హౌస్ సర్జన్లతో లోపలి పరీక్షలు చేయించిన ఒక బోధనాసుపత్రి తీరును మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది. ఆ పనిని వెనకేసుకొస్తూ అధికారులు ఇచ్చిన జవాబును అంతకన్నా గట్టిగా ఖండిస్తోంది. బాధితురాలి కోరిక మేరకు ఆమె పేరు, ఊరు, ఆసుపత్రి పేరు బయటపెట్టడం లేదు.

ఆమెకు అది తొలి కాన్పు. డ్యూటీ డాక్టరు చూసి, ఇంకా టైముందని చెప్పి వెళ్లారు. కాసేపటికి రౌండ్స్ వచ్చాయి. ఒక హౌస్ సర్జన్‌ను పీవీ (లోపలి పరీక్ష) చూడమన్నారు. గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో చెప్పించారు. ఆ లెక్క తప్పంటూ పక్కనున్నవాళ్లను చూడమన్నారు, ఆ తర్వాత ఇంకొకరిని. ఆమె కాళ్లు దగ్గరికి లాక్కుంటే ఆయమ్మ కసిరింది. తెర ఉంది కానీ ఎవరూ వేయలేదు. భర్త, తల్లి బయట వరండాలో ఉన్నారు. నొప్పి గురించి ఆమె పెద్దగా ఫిర్యాదు చేయలేదు. అంతమందిలో ఒక్కరూ తన మొహం చూసి మాట్లాడలేదన్నదే ఆమె బాధ.

దీనికి ఆసుపత్రి చెప్పిన సమాధానం ఏమిటంటే, అడ్మిషన్‌లోనే సంతకం తీసుకున్నామని, బోధనాసుపత్రికి వచ్చారంటేనే ఒప్పుకున్నట్టని. ఆ కాగితం మేం చూశాం. ఇంగ్లిష్‌లో అచ్చేసిన ఫారం. చికిత్సకు, మత్తుకు, ఆపరేషన్‌కు అభ్యంతరం లేదని ఉంది. విద్యార్థుల శిక్షణ ఊసే లేదు. పైగా సంతకం ఆమెది కాదు, భర్తది. ఆమెకు స్పృహ ఉంది, చదువూ వచ్చు. ఆమె చేతికి పెన్ను ఇవ్వడానికి అడ్డేమిటో మాకు అర్థం కాలేదు.

ఇంకొకరి సంతకం విషయంలో చట్టం ఎప్పుడో తేలిపోయింది. ఒక రకం పరీక్షకు ఒప్పుకున్న మహిళకు మత్తులో ఉండగా గర్భసంచి, అండాశయాలు తీసేసి, ఆపరేషన్ థియేటర్ బయట తల్లి దగ్గర అంగీకారం తీసుకున్న కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పు చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు, మేజరైన మనిషి తెలివిలోకి వచ్చేదాకా ఆగాల్సిందేనని, తల్లి అంగీకారం చెల్లదని, ఒక పనికి ఇచ్చిన అంగీకారం ఇంకో పనికి పనికిరాదని స్పష్టంగా అంది. ఆ లెక్కన భర్త సంతకంతో హౌస్ సర్జన్ల పాఠానికి అంగీకారం ఎక్కడినుంచి వచ్చింది?

చట్టంలో ఉన్న ఖాళీని కూడా చెప్పాలి. అత్యాచార బాధితురాలిని పరీక్షించాలంటే ఆమె అంగీకారం తప్పనిసరి, ఆ సంగతి రిపోర్టులో నమోదు కావాలి అని భారతీయ నాగరిక సురక్షా సంహిత 184వ సెక్షన్ చెబుతోంది. కాన్పు కోసం వచ్చిన స్త్రీకి అలాంటి సెక్షన్ లేదు. వైద్య ప్రక్రియ అత్యాచారం కిందకు రాదని భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. డాక్టర్లకు ఆ రక్షణ ఉండాల్సిందే, మాకు పేచీ లేదు. కానీ ఆ మినహాయింపు పక్కన అంగీకారం అన్న మాట లేదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి రాతపూర్వక అంగీకారం అడిగేది ఆపరేషన్‌కు. అక్కడా భార్య లేదా భర్త పేరు ముందు, పేషెంటు పేరు చివర! పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన స్త్రీకి ఉన్నంత స్పష్టమైన రక్షణ ప్రసూతి బల్ల ఎక్కిన స్త్రీకి లేకపోవడం సిగ్గుచేటు.

అడిగితే వైద్య విద్యార్థులు ఎలా నేర్చుకుంటారన్నది ఆసుపత్రి ఇంకో వాదన. అత్యాచార బాధితురాళ్లకు చేసే రెండు వేళ్ల పరీక్ష కూడా ఏళ్ల తరబడి పాఠంలో భాగంగానే సాగింది. అది బాధితురాలి గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పినా ఆగలేదు. 2022 అక్టోబర్ 31న, ఆ పరీక్ష చేసేవాళ్లను దుష్ప్రవర్తన కింద దోషులుగా చూస్తామని హెచ్చరించి, పాఠ్యప్రణాళికను సరిచూడమని ఆదేశించాల్సి వచ్చింది. పాఠంలో ఉందన్నంత మాత్రాన అది సరైనదైపోదు. నొప్పులు సాఫీగా సాగుతున్న దశలో లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి సరిపోతుందని, బోధన కోసం పలువురు చేతులు పెట్టడం మానాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మెడికల్ కాలేజీల్లో స్కిల్ ల్యాబులు, బొమ్మలు ఉన్నది ఇందుకే. ఆ తర్వాత అడిగి నేర్చుకోవచ్చు. మా సభ్యుల్లో నర్సులు, డాక్టర్లు ఉన్నారు. మర్యాదగా అడిగితే చాలామంది తల్లులు కాదనరని వాళ్ల అనుభవం. కాదంటే ఆ మాటకు కట్టుబడాలి.

అమెరికాలో కాలిఫోర్నియా 2003లోనే, మత్తులో ఉన్న స్త్రీలకు అడగకుండా లోపలి పరీక్షలు చేయడంపై చట్టం చేసింది. 2024 ఏప్రిల్ 1న అమెరికా కేంద్ర ఆరోగ్య శాఖ, విద్యార్థులు చేసే ఇలాంటి పరీక్షలకు, ముఖ్యంగా మత్తులో ఉన్నవాళ్ల విషయంలో, ముందే రాతపూర్వక అంగీకారం తీసుకోవాలని ఆసుపత్రులకు స్పష్టం చేసింది. మన కాలేజీల్లో చదివి అక్కడ రెసిడెన్సీ చేసే తెలుగు డాక్టర్లు ఈ నిబంధన పాటించాల్సిందే. ఇక్కడ మాత్రం ఎందుకు కుదరదు?

శిక్షణ కోసం చేసే లోపలి పరీక్షలకు, స్త్రీలకైనా పురుషులకైనా, విడిగా తెలుగులో అంగీకార పత్రం ఉండాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు చట్టం చేయాలి. చట్టం వచ్చేలోగా వైద్య విద్యా శాఖలు సర్క్యులర్ ఇవ్వాలి. పురుష డాక్టరు స్త్రీని పరీక్షించేటప్పుడు మరో మహిళ ఉండాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018 రోగుల హక్కుల పత్రం చెప్పినదాన్ని ప్రతి వార్డు గోడ మీదా తెలుగులో రాయించాలి. ఆయమ్మ మీదో, హౌస్ సర్జన్ల మీదో నెపం వేసి యూనిట్ చీఫ్‌ను తప్పించే విచారణ మాకొద్దు. బాధితురాలు ఇప్పుడు పచ్చి బాలింత. వాంగ్మూలం కోసం ఆమెను మళ్లీ ఆ ఆసుపత్రికి పిలిపించకుండా, మహిళా అధికారే ఆమె ఇంటికి వెళ్లి నమోదు చేసుకోవాలి.

రాష్ట్ర కమిటీ తరఫున,
అధ్యక్షురాలు, ప్రధాన కార్యదర్శి