వారి వ్యాజ్యెం విచారించేదెవరు?

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో దుప్పట్ల లెక్క మొదలవుతుంది. యౌవనస్థులు చందాలు పోగుచేస్తారు, స్త్రీల సమాజం వారు మూటలు కడతారు, క్రిస్మస్‌కు ముందు ఒక రాత్రి అందరూ కలిసి వ్యాన్ ఎక్కుతారు. మేము కూడా అలాగే ఒక రాత్రి లాలాపేట నుండి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్ వైపు వెళ్ళాము. ఫ్లైఓవర్ కింద, మూసిన దుకాణాల మెట్ల మీద, మెట్రో స్తంభాల పక్కన ముడుచుకొని పడుకున్న వారికి తలా ఒక దుప్పటి ఇస్తూ పోయాము. ఒక పెద్దావిడ దాన్ని చేత్తో తడిమి చూసి, ‘మంచిగనే ఉంది సారూ. కానీ పొద్దుగాల లేసినంక దీన్ని ఏడ పెట్టాలె? పోయిన యేడు గూడ ఎవరో ఇచ్చిండ్రు. పనికి పోయొచ్చేసరికి చెత్త బండోళ్ళు ఎత్తుకపోయిండ్రు’ అంది.

మా దగ్గర జవాబు లేదు. ఆమె కోసం ప్రార్థన చేసి, ఇంటికొచ్చి పడుకున్నాము. కానీ ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆమెకు కావలసింది దుప్పటి కాదు, దుప్పటి దాచుకొనే చోటు. అది దయగలవారు ఎవరైనా ఇచ్చే కానుకా, లేక ఆమెకు రావలసిన హక్కా? ఈ ప్రశ్నను మన దేశంలో నలభై ఏళ్ళకు పైగా కొందరు న్యాయవాదులు కోర్టుల్లో అడుగుతూనే ఉన్నారు. మన పీఠాల మీద నుండి వారి ప్రస్తావన ఎప్పుడూ వినబడదు కనుక ఈ వారం వారి గురించే మాట్లాడుకుందాం.

బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవారిని నగరపాలక సంస్థ తరిమివేయబోతే, వారితో పాటు ఓల్గా టెలిస్ అనే పాత్రికేయురాలు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1985 జూలైలో తీర్పు వచ్చింది. బతుకుతెరువు లేకుండా జీవించే హక్కుకు అర్థం లేదని, రాజ్యాంగం 21వ అధికరణంలో అదీ ఇమిడి ఉందని కోర్టు ఒప్పుకొంది. న్యాయ కళాశాలల్లో ఆ మాటనే గొప్పగా చెబుతారు. కానీ అదే తీర్పు, నోటీసిచ్చి పద్ధతి ప్రకారం అయితే ఖాళీ చేయించవచ్చని కూడా చెప్పింది; వర్షాలు వెళ్ళేవరకు, అంటే ఆ ఏడాది అక్టోబరు 31 దాకా మాత్రమే ఆగమంది. సిద్ధాంతం గెలిచింది, ఫుట్‌పాత్ మీది మనిషి ఓడిపోయాడు! పేదల పక్షాన వాదించే వారు ఈ చేదును అప్పటినుండీ మింగుతూనే ఉన్నారు.

తరువాతి మలుపులో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది. జైపూర్ దగ్గర ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుండగా చుట్టుపక్కల జనం ఆకలితో ఉన్నారని 2001లో పౌరహక్కుల ప్రజా సంఘం (పి.యు.సి.ఎల్.) సుప్రీంకోర్టులో దావా వేసింది. అప్పుడు ఆ సంఘానికి జాతీయ అధ్యక్షులు మన నగరంలో వకాలతు చేసిన కె.జి. కన్నబిరాన్ గారు. మనిషికి ఎన్ని కేలరీలు కావాలో లెక్కగట్టే జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. లెక్క తెలిసినంత మాత్రాన పళ్ళెం నిండదు మరి. ఆహార హక్కు కోసం వేసిన ఈ దావాలోకే గూడు లేనివారి సంగతి కూడా వచ్చి చేరింది. 2009 డిసెంబరులో గడ్డకట్టే చలిలో ఢిల్లీ పూసా రోడ్డులోని తాత్కాలిక ఆశ్రయాన్ని అధికారులు తీసివేశారు. కోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. ఆ లేఖ ఫలితంగా వచ్చిన ఆదేశాలు ఢిల్లీతో ఆగలేదు. పెద్ద నగరాలన్నిటిలో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరచి ఉంచాలని కోర్టు చెప్పింది. తరువాత 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకం కూడా లక్ష జనాభాకు నూరు మందికి సరిపడే ఆశ్రయం, మనిషికి 50 చదరపు అడుగులు అని రాసుకుంది.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం గ్రేటర్ హైదరాబాద్‌లో 67 లక్షల మందికి పైగా ఉన్నారు. అంటే ఆ నాటి లెక్కకే 67 ఆశ్రయాలు కావాలి. మన నగరంలో నడిచినవి ఏనాడూ అందులో మూడో వంతుకు చేరలేదు. అదే జనాభా లెక్కలు దేశంలో ఇల్లు లేనివారు 17.73 లక్షలని, వారిలో పట్టణాల్లో ఉన్నవారు 9.38 లక్షలని చెప్పాయి. ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28న, రోడ్లమీద తిరిగి రాసుకొన్న లెక్క ఇది. ఆ రాత్రి లెక్కకు దొరకని వారెందరో ప్రభువుకే ఎరుక.

సౌకర్యం ఇవ్వడంలో ఇంత ఆలస్యం చేసే మనం, వారిని కనబడకుండా చేయడంలో మాత్రం ఆలస్యం చేయము. 2017 నవంబరులో విదేశీ అతిథులు వచ్చే సదస్సుకు ముందు హైదరాబాద్‌లో రెండు నెలల పాటు భిక్షాటనను నిషేధించి, రోడ్ల మీద ఉన్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. మరుసటి ఏడాదే, 2018 ఆగస్టులో, హర్ష్ మందర్ తదితరులు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు అడుక్కోవడాన్ని నేరంగా చూసే సెక్షన్లను అక్కడ కొట్టివేసింది. 1977 నాటి మన భిక్షాటన నిరోధక చట్టం గురించి మన సంఘాల్లో చదువుకున్న న్యాయవాదులు ఎందరికి తెలుసు?

న్యాయవాదులను ఊరికే పొగడడం మా ఉద్దేశం కాదు. వీధిలో పడుకొనే మనిషి కేసు ఎలాంటిదో ఆలోచించండి. ఆయనకు చిరునామా లేదు, నోటీసు పంపడానికి లేదు. ఈ వారం వకాలత్‌నామా మీద వేలిముద్ర వేసినవాడు వచ్చే వారం ఏ స్తంభం కింద ఉంటాడో తెలియదు. ఫీజు మాట సరేసరి. అందుకే ప్రజాప్రయోజన వ్యాజ్యం అనే దారి తెరుచుకొంది. బాధితుడు స్వయంగా రాలేకపోతే అతని కోసం మరొకరు కోర్టు తలుపు తట్టవచ్చు. ఇక ప్రభుత్వం ప్రమాణపత్రంలో ‘ఇన్ని ఆశ్రయాలు నడుస్తున్నాయి’ అని రాస్తే, అర్ధరాత్రి వెళ్ళి తాళం వేసి ఉందో తీసి ఉందో చూసి రావలసింది కూడా ఆ వకీలే. తీర్పు వచ్చాక అమలు కోసం మళ్ళీ అదే కోర్టు మెట్లెక్కాలి. ఇ.ఆర్. కుమార్ అనే వ్యక్తి 2003లో వేసిన కేసులో ప్రశాంత్ భూషణ్ వాదించారు. ఆశ్రయాలు కాగితాల మీదే ఉన్నాయా అని తనిఖీ చేయడానికి సుప్రీంకోర్టు కమిటీ వేసింది 2016 నవంబరులో. పదమూడేళ్ళు!

యోబు తన మంచి రోజులను తలచుకొంటూ, తాను దరిద్రులకు తండ్రిగా ఉన్నానని చెప్పి ఊరుకోలేదు. తనకు ముఖపరిచయం లేనివారి వ్యాజ్యెం కూడా శ్రద్ధగా విచారించానన్నాడు (యోబు 29:16). కోర్టు గుమ్మంలో వినబడే మాట అది, దానధర్మాల చీటీలో రాసే మాట కాదు. పేదవాని వస్త్రం తాకట్టు పెట్టుకొంటే సూర్యుడు అస్తమించేలోగా తిరిగి ఇవ్వాలని నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఉంది. అతడు రాత్రి కప్పుకొనేది అదే గనుక. దుప్పటి విషయంలో దేవుడు శాసనమే చేశాడు, మనం మాత్రం దాన్ని క్రిస్మస్ కార్యక్రమంగా చేసుకున్నాము.

ఇంత పోరాటం తరువాత కూడా గాలి ఎటు వీస్తుందో చెప్పలేము. 2025 ఫిబ్రవరిలో ఆ పాత కేసే విచారణకు వచ్చినప్పుడు, ఉచితాలు ఇచ్చి పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేస్తున్నామా అని ధర్మాసనం నుండే ప్రశ్న వచ్చింది. ఉచిత పథకాల మీద ఎవరి అభిప్రాయం వారిది కావచ్చు. కానీ మేము ఆ రాత్రి కలిసినవారిలో ఎక్కువమంది పొద్దున్నే లేచి చిత్తుకాగితాలకో, అడ్డా కూలికో, హోటల్లో గిన్నెలు కడగడానికో వెళ్ళేవారు. పని చేసేవారిని ఆ మాట అనడం మాకు బాధ కలిగించింది. మన బంధువులెందరో ఉన్న అమెరికాలోనూ 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో, బయట పడుకొనే వారికి నగరాలు శిక్ష వేయవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 6–3తో తేల్చింది. తల వాల్చుకొనే చోటు తనకు లేదని చెప్పుకొన్న ప్రభువును (లూకా 9:58) ఆ ఊళ్ళో ఏం చేసేవారో!

మనవాళ్ళు చేసిన మంచి కూడా చెప్పాలి. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు రోడ్ల మీద నడుస్తుంటే, ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించి రిటైరైన ప్రొఫెసర్ రమా మెల్కోటే, మానవ హక్కుల వేదికకు చెందిన ఎస్. జీవన్‌కుమార్ తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు, న్యాయవాది వసుధా నాగరాజ్ వాదించారు. ప్రభుత్వానికీ రైల్వేకూ కోర్టు ఆదేశాలిచ్చింది. ఆ నెలల్లో మన ఫెలోషిప్ హాళ్ళు చాలా వరకు తాళాలు వేసే ఉన్నాయి.

సంఘాలకు మా విన్నపం చిన్నదే. పౌలు తీతుకు రాసిన ఉత్తరం చివరలో జేనా అనే ధర్మశాస్త్రవేదిని ప్రయాణానికి ఏమీ తక్కువ కాకుండా సాగనంపమన్నాడు (తీతు 3:13). మన కానుకల పద్దులో సువార్తికులకు ఉంది, సంగీత పరికరాలకు ఉంది. ఇలాంటి వకీలు ఆటో ఖర్చుకు, జిరాక్సులకు ఒక పద్దు పెట్టలేమా? ఉస్మానియా న్యాయ కళాశాలలో చదివే మన పిల్లలను నెలకొక రాత్రి పంపలేమా?

లాలాపేట పెద్దావిడ విషయంలో మొదటి పని ఒకటి మొదలైంది. ఇల్లు లేనివారికి ఓటు నమోదుకు చిరునామా పత్రం అక్కరలేదు. వారు ఎక్కడ పడుకొంటారో రాస్తే, బూత్ అధికారి రాత్రిపూట వచ్చి చూసుకోవాలని ఎన్నికల సంఘం నిబంధన ఉంది. మా సంఘంలో లా చదివే తమ్ముడు ఫారం 6 నింపాడు. నివాసం అన్న చోట ‘ఫ్లైఓవర్ కింద, మందుల దుకాణం ఎదుటి స్తంభం’ అని రాశాడు. తనిఖీ జరిగే రాత్రి ఆమెను అక్కడి నుండి ఎవరూ లేపకుండా మాలో ఇద్దరు తోడుంటామని ఆమెతో చెప్పి వచ్చాము.