పాట తిరిగొచ్చింది, మరి పేరో?

ఈమధ్య మా మదీనాగూడ వైపు ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా టీవీ పక్కన పాత రేడియోలాంటి పెట్టె ఒకటి కనిపిస్తోంది. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే పిల్లలు, తెనాలి నుంచో గుడివాడ నుంచో వచ్చి తమ దగ్గర ఉంటున్న అమ్మానాన్నల కోసం కొంటున్నారు. అమెరికాలో ఉన్నవాళ్ళయితే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి పంపిస్తున్నారు. మీట నొక్కితే చాలు, ఘంటసాల, లీల, సుశీల, జిక్కి వరసగా వచ్చేస్తారు. కుక్కర్ విజిల్ లెక్కపెట్టుకుంటూ, కరివేపాకు దూసుకుంటూ వినొచ్చు. పెద్దవాళ్ళకి ఫోన్‌లో వెతుక్కునే బాధ లేదు.

ఇది మంచి పని అని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేనేదో పాత పాటల మీద పడి ఏడుస్తున్నానని అనుకోకండి. ఆ రోజుల్లో 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకి కాస్త అటూఇటూగా తిరిగేది. చేతిలోంచి జారితే ముక్కలే. గ్రామఫోను ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. కుక్క బొమ్మ ఉండే ఆ హెచ్‌ఎంవీ కంపెనీయే 2000లో సారెగమ అని పేరు మార్చుకుంది. 2017లో హిందీ పాటలతో కారవాన్ అనే పెట్టె తెచ్చింది, ఆ తర్వాత తెలుగు పాటలతోనూ వచ్చింది. జమీందారు మేడలో మాత్రమే మోగిన గొంతు ఇప్పుడు మా రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో మోగుతోంది. సంతోషమే.

నా బాధ వేరు. పాట తిరిగొచ్చింది గానీ, పాడినావిడ పేరు దారిలో ఎక్కడో జారిపోయింది.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఒక ఆదివారం ‘మాయాబజార్’ యుగళగీతం విని, “సావిత్రి ఎంత బాగా పాడిందమ్మా!” అంది. పాడింది లీల అని చెప్తే నమ్మలేదు. తన ఫోన్‌లో ఉన్న పాటల ఆప్ తెరిచి చూపించింది. సినిమా పేరు ఉంది, హీరో ఫోటో ఉంది, ఘంటసాల పేరు ఉంది. లీల పేరు లేదు. ఇద్దరు కలిసి పాడిన పాటలో ఒక్కరి పేరే. పక్కన కూర్చున్న మా అత్తయ్యగారు మాత్రం, “అదేమిటే, లీలేగా! ఆ సినిమాలోనే పెళ్ళి పాట సుశీలది, ఘటోత్కచుడి భోజనం పాట మాధవపెద్ది సత్యంది” అని గడగడా చెప్పేశారు. ఆ భోజనం పాట ఎస్వీ రంగారావే పాడారని ఇప్పటికీ నమ్మేవాళ్ళు మా కాంప్లెక్స్‌లోనే నలుగురున్నారు.

డెబ్భై అయిదేళ్ళ మనిషికి అన్ని పేర్లు ఎలా గుర్తున్నాయి? ఆవిడ సంగీతం నేర్చుకోలేదు. రేడియో విన్నారు, అంతే. ఆకాశవాణిలో పాట వేసే ముందు చిత్రం ఏమిటో, రచన ఎవరిదో, సంగీతం ఎవరిదో, గానం ఎవరిదో చెప్పి మరీ వేసేవారు. 1957లో మొదలైన వివిధభారతి ఆ అలవాటుని ఇంటింటికీ తీసుకెళ్ళింది. రేడియో సిలోన్‌లో మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు తలుచుకుంటే ఇప్పటికీ పొంగిపోయేవాళ్ళున్నారు. సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకం ఉండనే ఉంది. ఆ తరం పాటతో పాటు పేరునీ నేర్చుకుంది. మన పిల్లలకి శబ్దం అప్పటికన్నా శుభ్రంగా వినిపిస్తోంది, సమాచారం మాత్రం అప్పటికన్నా తక్కువ అందుతోంది.

ఈ పోయిన పేర్లలో ఎక్కువ ఆడవాళ్ళవే కావడం నన్ను ఇంకా బాధపెడుతోంది. ఘంటసాల గారి పేరుకి ఏ ఢోకా లేదు, ఉండకూడదు కూడా. 1974లో ఆయన పోవడానికి ముందు రికార్డు చేసిన భగవద్గీత వీధి చివర వినపడితే, ఆ గొంతు ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెప్తారు, ఎవరో పోయారని కూడా చెప్తారు. గుర్తింపు లేనిది ఆయన పక్కన మైకు ముందు నిలబడి పాడినవాళ్ళకి. భానుమతి గారి సంగతి వేరు. తన పాటలు తనే పాడుకున్నారు కాబట్టి ముఖమూ గొంతూ ఒక్కరివే, పేరు పోయే వీలు లేదు. తెర వెనక నిలబడినవాళ్ళే చిక్కుల్లో పడ్డారు.

‘లవకుశ’ సంగతే చూడండి. 1963లో వచ్చిన సినిమా. ఆ ఇద్దరు పిల్లలూ రామకథ పాడుతుంటే ఊళ్ళకి ఊళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశాయి. తెర మీద ఇద్దరు మగపిల్లలు, గొంతులు మాత్రం ఇద్దరు ఆడవాళ్ళవి. కేరళలో పుట్టిన పి. లీల, విజయనగరంలో పుట్టిన పి. సుశీల. మగపిల్లల ముఖాల వెనక పాడిన ఆ ఇద్దరి పేర్లూ ఎవరూ చెప్పకపోతే వినేవాళ్ళకి తెలిసేదెలా? సుశీల గారు అదృష్టవంతురాలు. ఆరు భారతీయ భాషల్లో 17,695 పాటలని లెక్కతేల్చి 2016లో గిన్నిస్ వాళ్ళు గుర్తించారు. అసలు ఆ లెక్క ఎలా తేలింది? ఏ పాట ఎవరు పాడారో ఎవరో ఓపిగ్గా రాసిపెట్టబట్టే కదా!

ఇది మన తెలుగువాళ్ళ జబ్బు మాత్రమే కాదు. 1949లో హిందీలో ‘మహల్’ వచ్చినప్పుడు లతా మంగేష్కర్ పాడిన పాట దేశమంతా ఊపేసింది. మొదట వచ్చిన రికార్డు మీద గాయని పేరున్న చోట ‘కామిని’ అని ఉంది. కామిని అంటే సినిమాలో మధుబాల వేసిన పాత్ర పేరు! లేని మనిషికి పేరు వేసి, ఉన్న మనిషిని వదిలేశారు. ఎవరు పాడారని జనం అడిగితే తప్ప అసలు పేరు బయటికి రాలేదు.

రావు బాలసరస్వతీదేవి గారి పేరు మీలో ఎంతమంది విన్నారు? 1936లో ‘సతీ అనసూయ’లో చిన్నపిల్లగా నటించి, పాడారు. తెలుగులో తొలి నేపథ్య గాయని అని ఆవిణ్ణే చెప్తారు. 1943లో ‘భాగ్యలక్ష్మి’లో తెర మీద కమలా కొట్నీస్ కనిపిస్తుంటే వెనక పాడింది ఆవిడే. రేడియోలో లలితసంగీతానికి ఆవిడ గొంతే ఒక ఆనవాలు. జమీందారు గారితో పెళ్ళయ్యాక నటన మానేశారు. 2025లో మన హైదరాబాదులోనే కన్నుమూశారు. పెళ్ళితోనో పిల్లలతోనో పని మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళకి మిగిలేది ఆ నాలుగు రికార్డులే. వాటినీ పేరు లేకుండా ‘పాత మధుర గీతాలు’ అనే గంపలో పోసేస్తే ఇక ఏం మిగిలింది?

బయటి దేశాల్లో కొన్నిచోట్ల ఈ పని ఎంత శ్రద్ధగా చేస్తారో చెప్తాను. జాజ్ సంగీతంలో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అని ఒక రికార్డు ఉంది. న్యూయార్క్‌లో 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు విడతల్లో చేశారు. మనలాంటివాళ్ళం ఇది ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నామంటే, ఏ రోజు ఎవరు ఏం వాయించారో రాసిపెట్టారు కాబట్టే. శాక్సొఫోను కోల్ట్రేన్, ఆడర్లీ, పియానో బిల్ ఎవాన్స్, ఒక్క పాటకి మాత్రం వింటన్ కెల్లీ, డ్రమ్స్ జిమ్మీ కాబ్ అని ప్రతి మనిషి పేరూ ఉంటుంది. ఇంకో విచిత్రం, రికార్డు చేసిన రోజు టేపు మిషను కాస్త నెమ్మదిగా తిరగడంతో ఒక వైపు పాటలన్నీ ఉండాల్సిన శ్రుతి కన్నా పైకి వినిపించేవి. 1992లో మళ్ళీ విడుదల చేసినప్పుడు దాన్ని సరిచేశారు. మళ్ళీ అమ్మడం అంటే అలా ఉండాలి. మొదటిసారి దొర్లిన పొరపాటుని రెండోసారి దిద్దాలి, మొదటిసారి ఉన్న పేర్లని రెండోసారి పోగొట్టకూడదు.

మన పాటల్లో వాయించినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు సినిమా పాటలకి వీణ వాయించారని మనకి తెలుసు. ఎందుకు తెలుసు? వాళ్ళు తర్వాత కచేరీల్లో మహా పేరు తెచ్చుకున్నారు కాబట్టి. మరి ఆ పక్కనే కూర్చుని తబలా వాయించిన ఆయన, వేణువు ఊదిన ఆయన ఎవరు?

“పాట బాగుంటే చాలదా, పేరెందుకు?” అని మా వారు అన్నారు. మీ ఇంట్లోనూ అంటారు. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తాను. మనింట్లో ఆవకాయకి కూడా పేరుంది. జాడీ మూత తీయగానే ఇది పెద్దత్త పెట్టింది, ఇది విజయవాడ పిన్ని పెట్టింది అంటాం. కారం ఎక్కువైనా ఆ పేరే, రుచి కుదిరినా ఆ పేరే. పేరుంటేనే వచ్చే ఏడు ఫోన్ చేసి “మెంతిపిండి ఎంత వేశారు పిన్నీ?” అని అడుగుతాం. పాటయినా అంతే. లీల అని తెలిస్తేనే లీల పాడిన ఇంకో పాట వెతుక్కుంటాం. పేరు లేని గొంతు ఆ ఒక్క పాటతోనే ఆగిపోతుంది. రోజంతా చాకిరీ చేసి, సాయంత్రానికి “ఇంట్లో ఖాళీయేగా” అనిపించుకునే మనకి ఇది ఇంకొకరు విడమరిచి చెప్పాలా?

ఇంకో సంగతి. మన చట్టం ప్రకారం విడుదలైన ఏడాది దాటాక అరవై ఏళ్ళ వరకే రికార్డు మీద కంపెనీకి హక్కు. ఆ లెక్కన 1963 నాటి రికార్డుల గడువు 2023తో తీరిపోయింది. రాసినవాళ్ళ హక్కు, స్వరపరచినవాళ్ళ హక్కు వేరే ఉంటాయి, వాటి లెక్క వేరు. ఏడాదికేడాది మరిన్ని రికార్డులు ఇలా బయటికి వస్తాయి. ఎవరు పడితే వాళ్ళు నాలుగు పాటలు గుదిగుచ్చి, పైన హీరో బొమ్మ అంటించి పెట్టేస్తారు. పేర్లు పోయే ప్రమాదం ఇప్పుడే ఎక్కువ. పాడినవాళ్ళకి తమ పేరుతో గుర్తింపు పొందే హక్కు ఉందని 2012లో చట్టంలో రాసుకున్నాం. చట్టం అటుంచండి, అడగడానికి మర్యాద చాలు. డబ్బు పుచ్చుకుని పాత పాట అమ్మేవాళ్ళు చిత్రం, సంవత్సరం, రచన, సంగీతం, గానం అని అయిదు మాటలు రాయడానికి ఎంత ఖర్చవుతుంది? ఒకప్పుడు రేడియోలో ఉచితంగా చెప్పారే!

వాళ్ళు రాసేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. ఈ పేర్లు తెలిసిన తరం ఇంకా మన ఇళ్ళలోనే ఉంది. మధ్యాహ్నం పప్పులో రాళ్ళు ఏరుకుంటూనో, మందుల డబ్బా సర్దుకుంటూనో పాటలు వింటోంది. నేను ఒక పాత నోటుబుక్కు తీసి, అత్తయ్యగారు చెప్తుంటే రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి నూట పద్ధెనిమిది పాటలయ్యాయి. కొన్నిచోట్ల జిక్కియా, జమునారాణా అని ఆవిడకీ కింది ఫ్లాట్ బామ్మగారికీ వాదన జరుగుతోంది. జరగనివ్వండి. పేరు కోసం వాదించుకునే మనుషులు ఉన్నంతకాలం ఆ పేరు బతికే ఉంటుంది. ఆప్‌లో తప్పు కనిపిస్తే కింద ఫిర్యాదు రాసే చోటు ఉంటుంది, నేను రెండుసార్లు రాశాను. మీరూ రాయండి. పదిమందిమి అడిగితే ‘మహల్’ రికార్డు మీదకి లత పేరు వచ్చినట్టు, లీల పేరూ వస్తుంది.