97 శాతం ఎక్కడికి పోయింది?

మా మినీ ప్రాజెక్ట్ వైవా రోజు చివరి స్లైడ్ మీద 97 శాతం అని పెద్ద అక్షరాలతో పెట్టాం. మెదడు ఎమ్మారై బొమ్మ ఇస్తే అందులో కణితి ఉందో లేదో చెప్పే మోడల్ మాది. డేటా నెట్‌లో దొరికింది. కోడ్ సగం నెట్‌లోదే, మిగతా సగం రాత్రి రెండింటికి రాసింది. ప్యానెల్ వాళ్లు "గుడ్" అన్నారు. మేం క్యాంటీన్‌కి వెళ్లి సమోసాలు తిన్నాం.

నెల తర్వాత ఒక జూనియర్ మా కోడ్ అడిగితే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. రెండు రోజులకి వచ్చి, "అక్కా, ఒకే పేషెంట్ బొమ్మలు ట్రైనింగ్‌లోనూ టెస్టింగ్‌లోనూ ఉన్నట్టున్నాయి, చూశారా?" అంది. చూడలేదు. ఎమ్మారైలో ఒక మనిషి తలని బ్రెడ్డు ముక్కల్లా పొరలు పొరలుగా చూపిస్తారు. పక్కపక్క పొరలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫైలు పేరులో ఉన్న నంబరు పేషెంట్‌దని మాకు తట్టనే లేదు. అన్నిటినీ పేకముక్కల్లా కలిపి పంచేశాం. అంటే రేపటి పరీక్షలో వచ్చే ప్రశ్నలే ఇవాళ చదివించి, మావాడు ఫస్ట్ వచ్చాడని మురిసిపోయాం. పేషెంట్ల వారీగా విడదీసి మళ్లీ నడిపితే మా 97 కాస్తా 80 కిందకి జారింది.

సిగ్గేసిన మాట నిజమే. కానీ ఆ తర్వాత నన్ను వదలని ప్రశ్న వేరు. ఆ అమ్మాయి కోడ్ అడక్కపోయి ఉంటే?

ఇది మా ఒక్కళ్ల కథే అనుకున్నాను. తర్వాత మెదడు స్కాన్ల సాఫ్ట్‌వేర్ గురించి చదవడం మొదలుపెడితే, ఇదే కథ పెద్దపెద్ద వాళ్లకీ జరిగిందని తెలిసింది.

ఎఫ్ఎమ్మారై అని ఒకటుంది. మెదడులో ఏ భాగం గట్టిగా పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ తేడాని స్కానర్ పట్టుకుంటుంది. మెదడుని వాక్సెల్ అనే చిన్న చిన్న ఘనాలుగా విడగొట్టి, ఒక్కో ఘనానికి ఒక్కో స్టాటిస్టికల్ టెస్ట్ చేస్తారు. ఘనాలు లక్ష ఉన్నాయనుకోండి. 5 శాతం పొరపాటుకి ఒప్పుకుంటే, ఏమీ లేకపోయినా సుమారు 5 వేల ఘనాలు వెలుగుతాయి. అందుకే దిద్దుబాటు లెక్క తప్పనిసరి. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించింది. మన గోదావరి వాళ్లకి చెబితే పులుసు పెట్టుకోక ఈ పనేంటి అంటారు. దిద్దుబాటు చేయకపోతే ఆ చేప మెదడులో కూడా కొన్ని ఘనాలు వెలిగాయి! చేస్తే ఆరిపోయాయి. 2012లో ఈ పనికి ఇగ్ నోబెల్ ఇచ్చారు.

సరే, అందరూ దిద్దుబాటు చేస్తున్నారు కదా అనుకుంటుండగా, 2016లో ఆండర్స్ ఎక్లుండ్, థామస్ నికల్స్, హాన్స్ నుట్సన్ ఇంకో సంగతి బయటపెట్టారు. ఈ రంగంలో ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్లు మూడు: లండన్ నుంచి ఎస్‌పీఎమ్, ఆక్స్‌ఫర్డ్ నుంచి ఎఫ్‌ఎస్‌ఎల్, అమెరికా నుంచి ఏఎఫ్ఎన్ఐ. వీళ్లు 499 మంది ఆరోగ్యవంతుల స్కాన్లు తీసుకున్నారు. ఆ స్కాన్లు తీసినప్పుడు వాళ్లెవరూ ఏ పనీ చేయడం లేదు, ఊరికే పడుకుని ఉన్నారు. వాళ్లని ఇష్టమొచ్చినట్టు గుంపులు చేసి, గుంపుల మధ్య తేడా ఉందా అని సాఫ్ట్‌వేర్‌ని అడిగారు. తేడా ఉండడానికి వీల్లేదు. వందకి అయిదుసార్లు పొరపాటున ఉందనాలి, అంతే. సుమారు 30 లక్షల గ్రూప్ ఎనాలిసిస్‌లు నడిపితే, పక్కపక్క ఘనాలని గుంపుగా చూసే పద్ధతిలో కొన్ని సెట్టింగులకి తప్పుడు ఫలితాలు 70 శాతం దాకా వెళ్లాయి.

ముఖ్య కారణం, మెదడు సిగ్నల్ ఎలా పరుచుకుంటుందన్న దాని మీద ఆ లెక్కలు పెట్టుకున్న ఊహ నిజం డేటాకి సరిపోకపోవడం. ఇంకో కారణం ఏఎఫ్ఎన్ఐలోని ఒక ప్రోగ్రామ్‌లో 15 ఏళ్లుగా కూర్చున్న బగ్. దాన్ని ఏఎఫ్ఎన్ఐ వాళ్లు 2015లో సరిచేశారు. మీడియా మాత్రం 40 వేల పేపర్లు చెత్తబుట్టలోకే అని గోల చేసింది. ఆ అంకె పేపర్లోదే గానీ, రచయితలే తర్వాత ఆ వాక్యాన్ని సవరించి తగ్గించారు. తప్పు పట్టుకున్నవాళ్లు తమ తప్పు కూడా దిద్దుకున్నారు. నాకు ఇది బాగా నచ్చింది.

ఇక్కడ మన క్లాసులో ఎవరూ చెప్పని ఒక విషయం ఉంది. ఏఎఫ్ఎన్ఐ ఓపెన్ సోర్స్. చూసే కళ్లు ఎక్కువైతే బగ్గులు దాక్కోలేవని మనం గొప్పగా చెప్పుకుంటాం. మరి 15 ఏళ్లు ఆ కళ్లన్నీ ఏం చేస్తున్నట్టు? నన్నడిగితే, తలుపు తీసి ఉంచినంత మాత్రాన చుట్టాలు వచ్చేయరు. ఎవరో ఒకరు పని పెట్టుకుని రావాలి. వచ్చినవాళ్ల చేతిలో పరీక్షించడానికి డేటా ఉండాలి. అంతకుముందు ఈ పద్ధతుల్ని ఎక్కువగా కంప్యూటర్‌లో పుట్టించిన డేటా మీదే పరీక్షించారు. ఆ 499 మంది స్కాన్లు బీజింగ్, అమెరికాలోని కేంబ్రిడ్జ్, ఫిన్లాండ్‌లోని ఔలు నగరాల్లో వేరేవాళ్లు తీసి అందరికీ పంచినవి. కోడ్ ఒక్కటే తెరిచి డేటా బీరువాలో పెట్టి ఉంటే ఈ పరీక్ష జరిగేదే కాదు.

డేటా పంచడం అంటే జిప్ ఫైల్ పంపడం కాదు. "ఫైనల్", "ఫైనల్ 2", "ఈసారి నిజంగా ఫైనల్" అనే ఫోల్డర్లు మనందరి లాప్‌టాప్‌లోనూ ఉన్నాయి. 2016లో వచ్చిన బిడ్స్ అనే ఒప్పందం ఈ రోగానికే మందు. ప్రతి ఫైలు పేరులో ఏ మనిషి, ఏ రకం స్కాన్ అన్నది ఒకే పద్ధతిలో ఉండాలి, పక్కనే స్కానర్ సెట్టింగుల ఫైలు ఉండాలి. అంతే. ఇది మాకు ముందే తెలిసి ఉంటే ఆ నంబరు పేషెంట్‌దని మొదటి రోజే అర్థమయ్యేది. ఓపెన్‌న్యూరో అనే భాండాగారంలో డేటా అంతా ఈ పద్ధతిలోనే ఉంటుంది, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఎఫ్ఎమ్మారైప్రెప్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ఫోల్డర్‌ని చదివి, స్కాన్లని శుభ్రం చేసి, ఏ వెర్షన్‌తో ఏమేం చేసిందో తనే రిపోర్ట్ రాసి పెడుతుంది.

ఆ రిపోర్ట్ ఎందుకంత ముఖ్యమో 2020లో నేచర్‌లో వచ్చిన ఒక పరిశోధన చెబుతుంది. 108 మంది స్కాన్లని 70 బృందాలకి ఇచ్చి, అవే 9 ప్రశ్నలు అడిగారు. ఏ రెండు బృందాలూ ఒకే దారిలో వెళ్లలేదు. కొన్ని ప్రశ్నలకి జవాబులు కూడా కలవలేదు. అందరూ చదువుకున్నవాళ్లే, ఎవరూ మోసం చేయలేదు. మరి మన రిపోర్టులో "డేటాని ప్రీప్రాసెస్ చేశాం" అని ఒక్క లైన్ రాస్తే ఏం తెలుస్తుంది?

ఇలా అంటే మా వాళ్లు రెండు మాటలు అంటారు. మొదటిది: కోడ్ బయటపెడితే జూనియర్లు కాపీ కొడతారు. ఇప్పుడు కొట్టడం లేదా? పెన్‌డ్రైవ్‌లో కాపీ కొడితే ఎవరిదో తెలియదు. గిట్‌లో ఉంటే ఎవరు ఎప్పుడు ఏ లైన్ రాశారో చరిత్ర కనిపిస్తుంది.

రెండోది పేషెంట్ల గోప్యత. దీన్ని నేను కొట్టిపారేయను. ముఖం తీసేయని ఎమ్మారై నుంచి ముఖాన్ని మళ్లీ గీసి, మామూలు ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే 84 మందిలో 70 మందిని ఫోటోలతో సరిగ్గా జత చేసిందని 2019లో ఒక బృందం చూపించింది. అందుకే పంచే ముందు స్కాన్‌లోంచి ముఖం చెరిపేసే ఓపెన్ సోర్స్ పనిముట్లు ఉన్నాయి. మనిషి ఒప్పుకోలు తప్పనిసరి. తెరవడమంటే వీధిలో పారబోయడం కాదు.

అసలు మన వైపు నుంచి కూడా పంచాల్సింది ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లలో కొలబద్దగా ఎక్కువగా వాడేది కెనడాలోని మాంట్రియల్ సంస్థ చేసిన, 152 మంది స్కాన్ల సగటు మెదడు. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి 2019లో 100 మంది భారతీయుల స్కాన్లతో ఒక అట్లాస్ తయారుచేశారు. సగటు భారతీయ మెదడు ఆ విదేశీ కొలబద్ద కంటే పరిమాణంలో కాస్త చిన్నదని తేలింది. ఇక్కడ మాట తెలివి గురించి కాదు, కొలబద్ద గురించి. మన స్కాన్లు లేకపోతే, మనల్ని ఇంకొకళ్ల చొక్కా కొలతతోనే కుడతారు.

మా ప్రాజెక్ట్ ఇప్పుడు గిట్‌హబ్‌లో ఉంది. రీడ్‌మీలో పాత అంకె, కొత్త అంకె రెండూ రాశాను, పాతది ఎందుకు తప్పో కూడా రాశాను. టీమ్‌లో ఒకడు "ప్లేస్‌మెంట్లప్పుడు చూస్తారే, 97 ఒక్కటే ఉంచుదాం" అన్నాడు. ఒప్పుకోలేదు. ఇంకో తప్పు దొరికితే చెప్పండి, అది కూడా రాస్తాను.

ఈ వ్యాసం సార్లు, మేడమ్‌లు కూడా చదువుతారు కాబట్టి ఒక్క మనవి. వచ్చే వైవాలో ఎంత శాతం వచ్చిందని అడిగే ముందు, డేటా ఎలా విడదీశారని అడగండి. లాప్‌టాప్ తెరిచి చూపించమనండి. ఆ రోజు మమ్మల్ని అలా అడిగి ఉంటే సమోసాలు ఉండేవి కావు గానీ, నెల రోజులు ఒక అబద్ధాన్ని రెజ్యూమెలో మోసేవాళ్లం కాదు.