సీసాపై చెప్పని మాట

పడమటి స్కాట్లండులోని కింటైర్ ద్వీపకల్పంలో, ఒకప్పుడు బట్టీల ఊరుగా పేరుమోసిన క్యాంబెల్‌టౌనులో, స్ప్రింగ్‌బ్యాంక్ అనే చిన్న విస్కీ బట్టీ ఉన్నది. 1828లో స్థాపితమైన ఈ బట్టీలో బార్లీ గింజలను నేలపై పరచి, పారలతో తిరగవేస్తూ మొలకెత్తించడం మొదలు సీసాలకెత్తడం వరకు సమస్తమూ ఆ ఊళ్లోనే జరుగుతుంది.

దీనిని కేవలం పాతదనంపై మమకారమని కొట్టివేయరాదు. ఈ పద్ధతిలో రసాయనశాస్త్రం ఉన్నది. మరిగే ద్రవపు ఆవిరి రాగిని తాకినప్పుడు దుర్వాసననిచ్చే గంధక సమ్మేళనాలు చాలావరకు తొలగుతాయి. ఓక్ పీపాలోని లిగ్నిన్ విచ్ఛిన్నమై వెనిలిన్ పరిమళాన్నిస్తుంది. ఇందుకు కాలం కావాలి. కనీసం మూడేళ్లు పీపాలో నిలవ ఉండనిదే స్కాచ్ అనే పేరును చట్టం అనుమతించదు. ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోయినా బట్టీవారు దానిని ‘దేవదూతల వాటా’ అని సరిపెట్టుకుంటారు.

ఇంత ఓపికతో సిద్ధమైన సరుకును చివరి ఘట్టంలో అనేక కంపెనీలు బాగా చల్లబరచి వడకడతాయి. నీరో మంచుముక్కలో చేరినప్పుడు మబ్బుగా తేలే కొవ్వు ఆమ్లాల ఎస్టర్లను తీసివేయడమే దీని ప్రయోజనం. రంగు ఒకే తీరుగా ఉండడానికి కారమెల్ కూడా కలుపుతారు. స్ప్రింగ్‌బ్యాంక్ ఈ రెండూ చేయదు. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనెను చెడిపోయిందని ఏ తెలుగింటా పారబోయరు. ఆ మబ్బూ అటువంటిదే.

వడకట్టినా రుచిలో భేదం తెలియదని కొందరి వాదన. కావచ్చు. కారమెల్ కలపడం చట్టసమ్మతమే. కాని ముదురు రంగును చూసి, ఎక్కువ ఏళ్లు పీపాలో మాగినదని కొనేవాడు భ్రమపడే అవకాశమున్నది. జర్మనీలో అమ్మే సీసాపై రంగు కలిపిన సంగతి ముద్రించవలసిందే. బ్రిటనులో ఆ నిర్బంధం లేదు. ఒక దేశంలో చెప్పగలిగిన నిజాన్ని మరొక దేశంలో దాచడానికి శాస్త్రీయమైన కారణమేదీ కనబడదు.

ఇది మద్యపానాన్ని సమర్థించే వాదన కాదు. మద్యపానీయాలు క్యాన్సరు కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. రాగి పాత్ర గాని, ఓక్ పీపా గాని ఆ దోషాన్ని పోగొట్టలేవు. కోరవలసినది ఒక్కటే: సీసాలో ఏమున్నదో సీసాపై ఉండాలి. విస్కీకైనా, పిల్లలు తాగే పండ్లరసానికైనా, అంగట్లో కొనే ఊరగాయకైనా న్యాయం ఒక్కటే.