ఓటు లేని పిల్లల కోసం ఓటున్న మనం అడగాల్సింది

ఎన్నికలు దగ్గరపడితే మా ఏరియూరులో హామీలకు కొదవ ఉండదు. చెరువులకు కావేరి మిగులు జలాలు, ధర్మపురి–మొరప్పూర్ రైలు మార్గం, ఆడవాళ్ల ఖాతాల్లో నెలనెలా డబ్బు. ఇవన్నీ అడగాల్సినవే. కానీ ఇదే పెన్నాగరం తాలూకాలో, నాగావతి ఆనకట్ట దగ్గర, ఏ అభ్యర్థీ వచ్చి చేతులు జోడించాల్సిన పనిలేని ఒక కాలనీ ఉంది. అది శ్రీలంక తమిళుల పునరావాస శిబిరం. అక్కడ దాదాపు ఎవరికీ ఓటు లేదు. ఓటు లేదు కాబట్టి వారి తరఫున అడిగేవారు లేరు, వారికి జవాబు చెప్పేవారూ లేరు. ఈసారి ఆ ప్రశ్నను ఓటున్న క్రైస్తవులమైన మనం అడగాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది అదే.

1983 జూలై మారణకాండ తర్వాత శ్రీలంక తమిళులు పడవల మీద రామేశ్వరం తీరానికి రావడం మొదలైంది. 2009లో యుద్ధం ముగిసేదాకా విడతలు విడతలుగా వస్తూనే ఉన్నారు. ఆనాడు తల్లి చంకనెక్కి వచ్చిన బిడ్డకు ఈనాడు నలభై దాటింది. ఆ బిడ్డకు పుట్టిన పిల్లలు ఇక్కడి ప్రభుత్వ బడిలో చదివారు, ఇక్కడి రేషను బియ్యం తిన్నారు, ఇక్కడి యాసలోనే మాట్లాడతారు. 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం శాసనసభలో చెప్పిన లెక్క ప్రకారం 29 జిల్లాల్లో వందకు పైగా శిబిరాల్లో 58,822 మంది ఉన్నారు. శిబిరాల బయట, పోలీసుల దగ్గర పేరు నమోదు చేసుకుని ఉంటున్నవారు మరో 34,087 మంది.

సముద్రం దాటాలని నిర్ణయించింది పెద్దలు. పిల్లలను ఎవరూ అడగలేదు. ఇక్కడ పుట్టినవారైతే దాటింది కూడా లేదు. అయినా చట్టం దృష్టిలో వారిలో అత్యధికులు 'అక్రమ వలసదారులే'.

ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలి. 1955 పౌరసత్వ చట్టం మొదట్లో ఉదారంగానే ఉండేది. భారత గడ్డ మీద పుట్టిన బిడ్డ భారత పౌరుడే అని చెప్పింది. తర్వాత ఆ తలుపును రెండుసార్లు మూశారు. 1987 జూలై 1 తర్వాత పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలన్నారు. దీని ఫలితం చూడండి. ఒకే తల్లి కడుపున, ఒకే శిబిరంలో, అక్క 1986లో, తమ్ముడు 1988లో పుడితే అక్క భారతీయురాలు, తమ్ముడు పరదేశి. ఇది నేను కల్పించి చెబుతున్న చిక్కు కాదు. 1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్టు నిరాకరిస్తే ఆమె మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనానికి వెళ్లింది. 2022లో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ఆమెకు పాస్‌పోర్టు ఇవ్వాలని తీర్పు చెప్పారు. తిరుచ్చి కొట్టపట్టు శిబిరంలో ఉంటున్న ఆమె 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేసింది. ఒక పుట్టినతేదీ ఆమెను కాపాడింది. ఆ తేదీ తర్వాత పుట్టిన వేలమందిని కాపాడేది ఏది?

రాష్ట్ర ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2021 ఆగస్టులో ముఖ్యమంత్రి స్టాలిన్ 317 కోట్ల 40 లక్షల రూపాయల పథకం ప్రకటించారు. శిథిలమైన 7,469 ఇళ్లను కొత్తగా కట్టడం, నెలసరి సహాయం పెంచడం, పిల్లల చదువులకు సాయం అందులో ఉన్నాయి. 'శరణార్థుల శిబిరం' అన్న పేరు తీసి 'పునరావాస శిబిరం' అన్నారు. మంచిదే. పది అడుగుల గదిలో మూడు తరాలు పడుకున్న కుటుంబానికి పక్కా ఇల్లు అంటే చిన్న విషయం కాదు. కానీ ఆ ఇంట్లో కూర్చుని డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయి ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేదు. భారత పాస్‌పోర్టు పొందలేదు. తాను ఉంటున్న పంచాయతీకి సభ్యుణ్ణి ఎన్నుకోలేదు. తనిఖీ రోజున శిబిరంలో హాజరు కావాలి. గోడలు కొత్తవయ్యాయి, గడప మాత్రం పాతదే.

కేంద్రం కూడా ఒక అడుగు వేసింది. 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన కొత్త వలసల, విదేశీయుల చట్టం కింద ఒక మినహాయింపు ఉత్తర్వు ఇచ్చింది. 2015 జనవరి 9 లోపు వచ్చి ఆశ్రయం పొంది, పేరు నమోదు చేసుకున్న శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవన్న కారణంతో శిక్ష ఉండదని అందులో ఉంది. ఇంతకాలం మెడ మీద వేలాడిన కత్తిని పక్కకు జరిపినందుకు కృతజ్ఞత చెప్పాలి. అయితే 'నిన్ను శిక్షించం' అనడం వేరు, 'నువ్వు మావాడివి' అనడం వేరు. మొదటిది అధికారి దయ, రెండోది మనిషి హక్కు. ఈ రాజకీయమంతా మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మరిపించడం మీదే నడుస్తోంది.

ఇక పార్టీల సంగతి. 2019 డిసెంబర్ 11న పౌరసత్వ సవరణ బిల్లు రాజ్యసభలో 125–105 ఓట్లతో నెగ్గింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్ నుంచి 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు అది పౌరసత్వ మార్గం తెరిచింది. ముస్లింలను వదిలేసింది. శ్రీలంకను అసలు జాబితాలోనే చేర్చలేదు. ఆ రోజు అన్నాడీఎంకేకు చెందిన 11 మంది, పీఎంకేకు చెందిన ఒకరు బిల్లుకు మద్దతిచ్చారు. లెక్క మీరే వేసుకోండి. ఆ 12 ఓట్లు ఎదురు పడి ఉంటే బిల్లు ఓడిపోయేది. కనీసం శ్రీలంకను చేర్చితేనే ఓటేస్తామని బేరం పెట్టే బలమైనా వారికి ఉండింది. 2021 ఎన్నికల్లో అదే అన్నాడీఎంకే ఆ చట్టాన్ని వెనక్కి తీసుకోమని కేంద్రాన్ని కోరతామని, శ్రీలంక తమిళులకు ద్వంద్వ పౌరసత్వం అడుగుతామని హామీ ఇచ్చింది. ఈలం తమిళుల పేరు ఎత్తితే పీఎంకే గొంతు ఎప్పుడూ పెద్దదే. డీఎంకే 2019లో బిల్లును వ్యతిరేకించింది. అధికారంలోకి వచ్చాక 2021 సెప్టెంబర్‌లో శాసనసభలో రద్దు తీర్మానం చేసింది. 2024 లోక్‌సభ మేనిఫెస్టోలోనూ శ్రీలంక తమిళుల పౌరసత్వం గురించి మాట ఇచ్చింది. మరి ఢిల్లీలో ఆ మాట కోసం ఏం పోరాడారు? బీజేపీ వారిని అడగాల్సింది ఇంకా సూటిగా ఉంది. బంగ్లాదేశ్ హిందువుకు, క్రైస్తవుడికి తెరిచిన తలుపు జాఫ్నా హిందువుకు, మన్నార్ క్రైస్తవుడికి ఎందుకు మూశారు?

మా పెన్నాగరం 2021లో పీఎంకే అభ్యర్థిని గెలిపించింది. 2024లో ధర్మపురి లోక్‌సభ స్థానం డీఎంకేకు వచ్చింది. కాబట్టి ఇక్కడి ఓటరు ఇద్దరినీ పిలిచి అడగగలడు.

తెలుగు పాఠకుడు 'ఇది తమిళుల గొడవ, మనకెందుకు?' అనవచ్చు. అలాంటివారు ఒక్కసారి అమెరికా వైపు చూడాలి. అక్కడ చిన్నతనంలో తల్లిదండ్రుల వెంట వెళ్లి, పత్రాలు లేకుండా పెరిగిన పిల్లలకు 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం 'డాకా' అనే రక్షణ ఇచ్చింది. రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. పంపించివేయరు, పని చేసుకోనిస్తారు, కానీ పౌరసత్వం లేదు. 2017లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని ఎత్తేయబోతే, 2020 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదంది. ఈ పిల్లలకు శాశ్వత హోదా ఇచ్చే 'డ్రీమ్ చట్టం' బిల్లు 2001 నుంచి కాంగ్రెసులో నలుగుతూనే ఉంది. ప్రతి ఎన్నికలోనూ అభ్యర్థులు ఆ పిల్లల మీద సానుభూతి చూపిస్తారు, ఎన్నిక అయ్యాక బిల్లు అక్కడే ఉంటుంది.

మన తెలుగు ఇళ్ల పిల్లలు ఇంకో చోట చిక్కుకున్నారు. హెచ్-1బీ మీద వెళ్లిన అమ్మానాన్నల వెంట హెచ్-4 మీద చట్టబద్ధంగానే వెళ్లారు. ఏటా ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న పరిమితి వల్ల భారతీయులకు గ్రీన్‌కార్డు దశాబ్దాలు పడుతుంది. ఈలోగా పిల్లకు 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. వీరికి పత్రాలు ఉన్నాయి కాబట్టి డాకా కూడా వర్తించదు. విజయవాడలో, కరీంనగర్‌లో కూర్చున్న తాతయ్యలూ అమ్మమ్మలూ వీరి కోసం ఉపవాస ప్రార్థనలు చేస్తున్నారు. 2025 జనవరి 20న ట్రంప్, తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి అక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం ఉండదని ఉత్తర్వు ఇస్తే, మన తెలుగు కుటుంబాల్లో ఎంత గగ్గోలు పుట్టిందో మనకు తెలుసు. అక్కడి కింది కోర్టులు దాన్ని అడ్డుకున్నాయి. కానీ పుట్టిన నేల చాలదు, తల్లిదండ్రుల హోదా చూడాలన్న ఆ సూత్రం మన దేశంలో 1987 నుంచి చట్టమే. డాలస్‌లో పుట్టిన మనవడికి అన్యాయమైనది, నాగావతి దగ్గర పుట్టిన బిడ్డకు న్యాయం ఎలా అవుతుంది?

మన తెలుగువారికీ కాందిశీకుల జ్ఞాపకం ఉంది. బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవారి పేరు మీద విశాఖలో బర్మా క్యాంపు నేటికీ ఉంది. ఆ కుటుంబాలు ఈ నేలలో కలిసిపోయాయి. ఎందుకంటే వారిని ఎవరూ నలభై ఏళ్లు లెక్కపెడుతూ కూర్చోలేదు.

వాక్యం ఏమంటుందో చూద్దాం. లేవీయకాండం 19లో పరదేశిని నీవలె ప్రేమించాలన్న ఆజ్ఞ మనకు కంఠతా వచ్చు. నేను ఇంకో భాగాన్ని మీ ముందు పెడతాను. యెహెజ్కేలు 47వ అధ్యాయం చివర, తిరిగి వచ్చే ఇశ్రాయేలీయులకు భూమిని చీట్లు వేసి పంచమంటాడు దేవుడు. ఆ పంపకంలోనే ఒక షరతు పెడతాడు. మీ మధ్య నివసించి, మీ మధ్యే పిల్లలను కన్న పరదేశులను దేశంలో పుట్టినవారిలాగే ఎంచాలి. వారు ఏ గోత్రం దగ్గర ఉంటే ఆ గోత్రంలోనే వారికి స్వాస్థ్యం ఇవ్వాలి. ఈ మాట విన్నది ఎవరు? బబులోనుకు చెరపట్టుకుపోబడిన జనం. తమ పిల్లలు పరాయి నేలమీద పుట్టడం చూసిన జనం. వారికే దేవుడు చెప్పాడు, మీకు జరిగినది మీరు ఇంకొకరికి చేయవద్దని. గమనించండి, అక్కడ దేవుడు పరదేశికి భిక్ష వేయమనలేదు, స్వాస్థ్యం ఇమ్మన్నాడు. క్రిస్మస్‌కు శిబిరానికి బియ్యం, చీరలు తీసుకెళ్లే సంఘాలు చాలా ఉన్నాయి. తీసుకెళ్లండి. అయితే బియ్యం మూటతో మన బాధ్యత తీరిందనుకుంటే యెహెజ్కేలును సగమే చదివినట్టు.

మూడు అభ్యంతరాలు తరచుగా వినిపిస్తాయి. మొదటిది, యుద్ధం అయిపోయింది కదా, తిరిగి వెళ్లవచ్చు కదా అని. వెళ్లాలనుకునేవారికి దారి తెరిచి ఉండాలి, గౌరవంగా పంపాలి. కానీ ఇక్కడ పుట్టి, ఆ దేశాన్ని ఫొటోలో మాత్రమే చూసిన పిల్లవాడికి అది 'తిరిగి' వెళ్లడం ఎలా అవుతుంది? రెండోది, తలుపు తెరిస్తే వరద ఆగదని. ఇది తలుపు తెరవడమే కాదు. కేంద్రమే 2015 జనవరి 9 అని గీత గీసింది, అందరి పేర్లూ ప్రభుత్వ దస్త్రాల్లో ఉన్నాయి. వీరు ఎప్పుడో లోపలికి వచ్చినవారు. మూడోది, పౌరసత్వం కేంద్రం చేతిలోది, ఎమ్మెల్యే ఏం చేస్తాడని. నిజమే, అధికారం కేంద్రానిదే. కానీ కావేరి నీళ్ల కోసం ఢిల్లీ దాకా వెళ్లే పార్టీలు దీని కోసం ఎందుకు వెళ్లకూడదు? పొత్తు కుదుర్చుకునే రోజున సీట్ల లెక్కతో పాటు ఈ షరతు ఎందుకు పెట్టకూడదు?

కాబట్టి మన దగ్గరికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, పార్టీ ఏదైనా, ఈ నాలుగు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి: శిబిరాల్లో పుట్టినవారిని, పసితనంలో తేబడినవారిని 'అక్రమ వలసదారులు' అన్న నిర్వచనం నుంచి తీసేసే సవరణకు మీ పార్టీ పార్లమెంటులో బిల్లు పెడుతుందా?

రెండు: 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవారు చట్టప్రకారం ఇప్పటికే పౌరులు. ప్రతి ఒక్కరూ హైకోర్టుకు వెళ్లనవసరం లేకుండా జిల్లా కలెక్టరు ద్వారా వారిని గుర్తించి ఓటరు జాబితాలో చేర్పిస్తారా?

మూడు: 1964 సిరిమావో–శాస్త్రి ఒప్పందం కింద 5,25,000 మందిని స్వీకరిస్తామని భారత్ ఒప్పుకుంది. ఆ తేయాకు తోటల కార్మికుల వారసులు కూడా నేడు ఈ శిబిరాల్లో ఉన్నారు. అలాంటి వారి దరఖాస్తులను 16 వారాల్లో పరిశీలించమని 2019 జూన్‌లో మదురై ధర్మాసనం కేంద్రానికి చెప్పింది. వారి గురించి మీరేం చేస్తారు?

నాలుగు: పౌరసత్వానికి మతం కొలబద్ద కాకూడదని మీరు బహిరంగంగా అంటారా? క్రైస్తవుల పేరు ఆ జాబితాలో ఉంది కాబట్టి మనం ఊరుకోవాలని ఎవరైనా అనుకుంటే, పొరుగువాడిని బయట నిలబెట్టి మనకు వేసిన కుర్చీలో కూర్చోలేమని చెప్పాలి.

జవాబులను సంఘం నోటీసు బోర్డు మీద పెట్టండి. జవాబు చెప్పనివారి పేరు పక్కన 'జవాబు లేదు' అని రాయండి. ఎవరికి ఓటు వేయాలో బల్లపీఠం మీద నుంచి చెప్పడం నా పని కాదు, చెప్పను కూడా. కానీ ఓటు వేసే ముందు ఎవరిని మనసులో పెట్టుకోవాలో చెప్పడం కాపరి పనే. నాగావతి దగ్గర ఈ ఏడాది పద్దెనిమిది నిండే పిల్లలు ఉన్నారు. మన పిల్లలతో ఒకే బడిలో చదివి, ఒకే బస్సు ఎక్కిన పిల్లలు. మన పిల్లల వేలికి సిరా గుర్తు పడుతుంది. వారి వేలికి కూడా పడేదాకా మనం అడుగుతూనే ఉండాలి.